విమానం వస్తానంటోంది, ఊరు డబ్బు పెట్టాలా?

ఈసారి మన ప్రశ్నలు-జవాబుల శీర్షిక మొత్తం ఒకే విషయానికి ఇచ్చేస్తున్నాను. చిన్న నగరానికి కొత్తగా విమాన సర్వీసు తెచ్చుకోవడానికి ఊరి డబ్బు పెట్టొచ్చా అని అడుగుతూ వరుసగా ఉత్తరాలు వచ్చాయి, ఒక్కో నెల ఒక్కొక్కటి తీసుకుంటే కొందరికి ఓటింగు అయిపోయాక జవాబు అందుతుంది. నేను చాలా ఏళ్లు ఒక ఎయిర్‌లైన్స్‌లో ఏ రూట్లో ఏ విమానం వేయాలో లెక్కలు కట్టే విభాగంలో పనిచేశాను, తర్వాత బల్లకు ఇటువైపు వచ్చి ఊళ్ల తరఫున కూర్చున్నాను. రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు తీసేసి ప్రశ్నలు మాత్రం ఇస్తున్నాను.

ప్రశ్న: నేను మా నగర కౌన్సిల్‌లో సభ్యురాలిని. ఒక ఎయిర్‌లైన్స్ మా ఊరి నుంచి పెద్ద నగరానికి రోజుకు ఒకసారి 70 సీట్ల విమానం నడుపుతానంటోంది. మొదటి రెండేళ్లు నష్టం వస్తే ఆ లోటు ఊరే భర్తీ చేయాలట. రెండు వారాల్లో ఓటింగ్. ఊళ్లో అందరూ సంబరంగా ఉన్నారు, వద్దంటే అభివృద్ధికి అడ్డుపడిందంటారు. ఏం చూసుకుని ఓటేయమంటారు?

జవాబు: మేడమ్, ముందు ఆ రెండు వారాల గడువు ఎవరు పెట్టారో కనుక్కోండి. ఎయిర్‌లైన్స్‌కి నిజంగానే గడువులుంటాయి, కానీ అవి నెలల ముందే తెలిసేవి, ఉన్నట్టుండి ఊడిపడేవి కావు. తొందర మీ వాళ్లదే అయితే ఇంకో నెల అడగండి, నెల ఆగితే వెళ్లిపోయే ఎయిర్‌లైన్స్ రెండేళ్ల తర్వాత మీ ఊళ్లో ఉంటుందని నేను నమ్మను.

ఇక లెక్క. ఈ ఒప్పందాన్ని రెవెన్యూ గ్యారెంటీ అంటారు. ఒక ట్రిప్పు నడపడానికి ఇంత ఖర్చు అని ఎయిర్‌లైన్స్ చెబుతుంది, టికెట్ల మీద అంత రాకపోతే తేడా ఊరు కడుతుంది. కాగితం మీద ఇది శాతాల్లో, కోట్లలో ఉంటుంది కాబట్టి చదివినవాళ్లకు పెద్దగా తగలదు, టికెట్లలోకి మార్చి చూడండి. ఖర్చు రాబట్టుకోవడానికి 50 మంది ఎక్కాలి, 35 మందే ఎక్కారు అనుకోండి. ఒక ట్రిప్పుకి 15 టికెట్లు ఊరు కొన్నట్టు. రానూ పోనూ 30. నెలకు 900. రెండేళ్లు అలాగే నడిస్తే 21,600 టికెట్లు ఎవరూ కూర్చోని సీట్లకు ఊరు కొన్నట్టు. ఇది తప్పు అనడం లేదు, కొన్ని ఊళ్లకు ఆ ఖర్చు న్యాయమే. కానీ కౌన్సిల్‌లో చేయి ఎత్తే ప్రతి ఒక్కరికీ ఆ 21,600 అనే అంకె తెలిసి ఉండాలి.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. 70 సీట్లు, రోజుకు రాకపోకలు, ఏడాదికి 365 రోజులు, మొత్తం 51,100 సీట్లు. అందులో 70 శాతం నిండాలంటే ఏడాదికి 35,770 మంది. అంటే రోజూ వెళ్లేవాళ్లు 49 మంది, వచ్చేవాళ్లు 49 మంది. పండగ ముందు రోజు 49 మంది దొరుకుతారు, పెళ్లిళ్ల సీజన్లో 70 మందీ దొరుకుతారు. ఏ పండగా, సెలవూ లేని మంగళవారం పొద్దున 49 మంది ఎవరు? వాళ్లు ఏం పని మీద వెళ్తారు? ఈ ప్రశ్నకు మీ ఊరి వాళ్లు పేర్లతో కాకపోయినా వర్గాలతో జవాబు చెప్పగలగాలి: ఫలానా కాలేజీ నుంచి ఇంతమంది, ఫలానా ఫ్యాక్టరీకి వచ్చే ఇంజినీర్లు, వైద్యానికి వెళ్లేవాళ్లు, విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు. చెప్పగలిగితే మీ ఊరికి విమానం నిలబడే అవకాశం ఉంది. "విమానం వస్తే వాళ్లే వస్తారు" అంటే మాత్రం ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

మూడోది ఒప్పందంలో రాసుకోవాల్సినవి. గ్యారెంటీకి గరిష్ఠ పరిమితి ఉండాలి, అది దాటితే ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదని స్పష్టంగా ఉండాలి. రద్దయిన ట్రిప్పుకి డబ్బు లేదు. గంటలకొద్దీ ఆలస్యమైన ట్రిప్పుకి కోత. ఖర్చు ఎంతో ఎయిర్‌లైన్స్ ఒక్కతే తేల్చకూడదు, ఇంధనం, సిబ్బంది, అద్దె, మరమ్మతులు విడివిడిగా చూపించి, మీరు నియమించిన ఆడిటర్ చూసుకునే హక్కు ఉండాలి. ఏ నెల ఎంతమంది ఎక్కారు, ఎంత టికెట్ మీద ఎక్కారు అనేది ప్రతి నెలా మీకు రావాలి. రూటు లాభాల్లోకి వస్తే అంతకుముందు కట్టిన దాంట్లో కొంత వెనక్కి రావాలి. మానేయాలనుకుంటే కనీసం 90 రోజుల ముందు చెప్పాలి. అమెరికాలో ప్రభుత్వ సబ్సిడీ మీద నడిచే చిన్న ఊళ్ల సర్వీసులకు చాలా ఏళ్లు 90 రోజుల నోటీసు నియమం ఉండేది కాబట్టి మీరేదో కొత్తది అడుగుతున్నట్టు ఎవరూ అనలేరు.

ఇంకొకటి, దీన్ని చాలామంది వదిలేస్తారు. విమానం రాత్రి ఎక్కడ నిద్ర చేస్తుంది? మీ ఊళ్లో ఉండి పొద్దున్నే బయలుదేరి రాత్రికి తిరిగొస్తే, మీ వాళ్లు పొద్దున వెళ్లి పని చూసుకుని అదే రోజు ఇంటికి రావచ్చు. పెద్ద నగరంలో ఉండి మధ్యాహ్నం ఇలా వచ్చి అలా వెళ్లిపోతే మీ వాళ్లకు ఒక పూట పని కోసం రెండు రోజులు పోతాయి. అదే విమానం, అవే సీట్లు, కానీ ప్రయాణికులు సగం కావచ్చు. అందుకే టైమింగ్స్ ఒప్పందంలోనే ఉండాలి. "వీలునుబట్టి" అనే మాట ఎక్కడ కనిపించినా కొట్టేయించండి.

ప్రశ్న: లాభం ఉంటే వాళ్లే వస్తారు కదండీ. ప్రైవేటు కంపెనీకి మా పన్నులెందుకు?

జవాబు: ఈ ప్రశ్న నాకు నచ్చింది, సగం నిజం ఉంది ఇందులో. మిగతా సగం చెప్తాను.

ఫ్యాక్టరీ పెట్టినవాడు గోడలు కట్టేశాక లేచి వెళ్లిపోలేడు, నష్టమొచ్చినా రెండేళ్లు ఓపిక పడతాడు. విమానానికి చక్రాలున్నాయి. ఇక్కడ గంటకు వంద వస్తుంటే ఇంకో రూట్లో నూట ఇరవై వస్తుందంటే రేపే అక్కడికి వెళ్తుంది. అంటే మీ ఊరు లాభం ఇస్తే చాలదు, ఆ విమానాన్ని అడుగుతున్న మిగతా ఊళ్లన్నిటికంటే ఎక్కువ ఇవ్వాలి. కొత్త రూటు జనానికి అలవాటు కావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, ఆ సమయంలో ఎయిర్‌లైన్స్ నష్టం ఒక్కతే మోయడానికి ఇష్టపడదు. అక్కడే ఊరిని అడుగుతుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన సంగతి కాదు. అమెరికాలో 1978 వరకు ఏ ఎయిర్‌లైన్స్ ఎక్కడికి ఎగరాలో, టికెట్ ఎంతో ప్రభుత్వ బోర్డే చెప్పేది. ఆ ఏడాది చట్టం మార్చి కంపెనీలకు స్వేచ్ఛ ఇచ్చినప్పుడు, అందరూ పెద్ద నగరాలకు పోతే చిన్న ఊళ్ల గతేంటి అన్న భయంతో ఎసెన్షియల్ ఎయిర్ సర్వీస్ అని ఒక సబ్సిడీ పెట్టారు. పదేళ్లకు మాత్రమే అనుకున్నది ఇప్పటికీ నడుస్తోంది. 2000లో ఇంకో చట్టం వచ్చి చిన్న ఊళ్లు కొత్త సర్వీసు తెచ్చుకోవడానికి గ్రాంట్లు మొదలుపెట్టింది, ఆ గ్రాంట్లతో చాలా ఊళ్లు ఇలాంటి రెవెన్యూ గ్యారెంటీలే ఇచ్చాయి. నార్వేలో కొండలూ సముద్రపు పాయల మధ్య 800 మీటర్ల రన్‌వేలున్న చిన్న చిన్న విమానాశ్రయాలకు ప్రభుత్వం టెండర్ పిలిచి, ఎవరు తక్కువ సాయం అడిగితే వాళ్లకు రూటు ఇస్తుంది. మన దేశంలో చిన్న ఊళ్లకు విమానాలు తెచ్చే ఉడాన్ అదే దారి: 2016లో పథకం, 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఢిల్లీకి మొదటి విమానం, అదే రోజు కడప నుంచి హైదరాబాద్‌కు కూడా. లోటు భర్తీలో చాలా రాష్ట్రాలకు కేంద్రం 80 వంతులు, రాష్ట్రం 20 వంతులు, మూడేళ్లపాటు.

కాబట్టి సాయం చేయడం వింత కాదు, పాపం కూడా కాదు. సాయం దేనికి చేస్తున్నామో తెలియాలి. అలవాటు కావడానికి కాస్త సమయం కొంటున్నారా, లేక ఎప్పటికీ నిండని సీట్లు కొంటున్నారా? నార్వే వాళ్లు రెండోదే కొంటున్నారు, తెలిసి కొంటున్నారు, ఆ ఊళ్లకు శీతాకాలంలో వేరే దారి కష్టం కాబట్టి. మీ ఊరి నుంచి రెండు గంటల్లో పెద్ద ఎయిర్‌పోర్టుకి రోడ్డుంటే ఆ వాదన మీకు పనికిరాదు.

ప్రశ్న: మా వర్తక సంఘం ఒక సర్వే చేసింది. విమానం వస్తే ఎక్కుతారా అని అడిగితే 90 శాతం ఎక్కుతామన్నారు. ఇది ఎయిర్‌లైన్స్ ముందు పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండి, వాళ్లు చూడరు. ఎక్కుతారా అని అడిగితే ఎవరైనా ఎక్కుతామనే అంటారు, మొహమాటానికైనా.

ఇప్పుడు మీ ఊరివాళ్లు ఎక్కడికి వెళ్లి విమానం ఎక్కుతున్నారో అది లెక్కపెట్టండి. ఎయిర్‌లైన్స్ వాళ్లు దీన్ని లీకేజ్ అంటారు. మీ ఊరివాళ్లే, కానీ పక్క నగరం ఎయిర్‌పోర్టు లెక్కల్లో కనిపిస్తారు. ఇది కనిపెట్టడానికి పెద్ద కన్సల్టెంట్లు అక్కర్లేదు, మొదటి అంచనాకు మీ కాళ్లు చాలు. ట్రావెల్ ఏజెంట్ల దగ్గర కూర్చుని పోయిన ఏడాది బుకింగ్స్ తీయించండి, ఎవరి పేర్లూ వద్దు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ నెలలో, ఎంత ముందు బుక్ చేసుకున్నారు, అంతే. క్యాబ్ డ్రైవర్లను అడగండి. ఒకసారి ఒక ఊరి లెక్క తేలనప్పుడు మేం చేసింది ఇదే: తెల్లవారుజామున మూడింటికి టాక్సీ స్టాండ్ దగ్గర నిలబడ్డాం. వారం రోజులు. డిక్కీలు తెరిచి ఉన్న కార్లు, ప్లాస్టిక్ చుట్టిన పెద్ద సూట్‌కేసులు, చేతిలో ఫైలుతో ఒంటరిగా వెళ్లే ఉద్యోగులు, నిద్రమత్తులో తల్లి భుజం మీద పిల్లలు. పెద్ద సూట్‌కేసు అంటే విదేశీ ప్రయాణం, వాళ్లు మన చిన్న విమానం ఎక్కాలంటే కనెక్టింగ్ ఫ్లైట్ ఒకే టికెట్ మీద ఉండాలి, లగేజీ నేరుగా చివరి ఊరికి పోవాలి. ఫైలు పట్టుకున్నవాళ్లకు పొద్దున్నే వెళ్లే విమానం కావాలి, టికెట్ కాస్త ఎక్కువైనా పర్లేదు. ఆ వారం నోట్‌బుక్కులో రాసుకున్న గీతలు సర్వే కాగితాలన్నిటికంటే ఎక్కువ చెప్పాయి.

మీ సంఘం సభ్యులు నిజంగా ఎక్కుతారా అన్నది తేల్చడానికి ఇంకో పద్ధతి ఉంది. కొన్ని ఊళ్లలో వ్యాపారులు తమ ప్రయాణాల డబ్బు ముందుగానే ఒక ఖాతాలో వేస్తారు, విమానం మొదలయ్యాక ఆ డబ్బుతోనే టికెట్లు కొనుక్కుంటారు. సర్వీసు రాకపోతే ఎవరి డబ్బు వాళ్లకు వెనక్కి. ఎక్కుతామన్న 90 శాతంలో ఎంతమంది చెక్కు రాస్తారో చూడండి. ఆ అంకె ఎయిర్‌లైన్స్ ముందు పెట్టండి, వాళ్లు కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంటారు.

ప్రశ్న: గ్యారెంటీ గడువు అయిపోయాక విమానం ఉంటుందా? సూటిగా చెప్పండి.

జవాబు: సూటిగా అంటే, ఎక్కువసార్లు ఉండదు.

మన దేశం లెక్కే చూడండి. 2023లో కాగ్ ఉడాన్ మీద ఆడిట్ నివేదిక ఇచ్చింది. మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో పూర్తి మూడేళ్లు నడిచినవి 112. సాయం ఆగిపోయాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ఇందులో కరోనా దెబ్బ ఉంది, రన్‌వేలు సిద్ధం కాకపోవడం ఉంది, ఎయిర్‌లైన్స్ మూతపడటం ఉంది, అన్నీ ఊళ్ల తప్పులు కావు. అయినా 774లో 54 అనేది చిన్న నగరం ఏదైనా సంతకానికి ముందు గోడ మీద అంటించుకోవాల్సిన అంకె.

ఫ్రాన్స్‌లో అంగులేమ్ అని చిన్న ఊరు. 2008లో స్థానిక సంస్థలు డబ్బు పెట్టి ర్యాన్‌ఎయిర్ అనే చౌక టికెట్ల ఎయిర్‌లైన్స్‌ని తెచ్చుకున్నాయి, లండన్‌కు సర్వీసు. 2010కి అది ఆగిపోయింది. తర్వాత 2014లో యూరోపియన్ కమిషన్ ఆ సాయం నిబంధనలకు విరుద్ధమని, డబ్బు వెనక్కి తీసుకోవాలని చెప్పింది. ఊరికి విమానమూ పోయింది, ఏళ్ల తరబడి కాగితాల గొడవ మిగిలింది.

ఎందుకిలా అవుతుందో లోపలి నుంచి చూసినవాడిగా చెప్తాను. నేను ఎయిర్‌లైన్స్‌లో ఉన్నప్పుడు మా తెర మీద రూట్లన్నీ వరుసగా ఉండేవి, ఒక్కోదాని పక్కన విమానం గంటకు ఎంత సంపాదించిందో. గ్యారెంటీ ఉన్న రూటు గడికి పసుపు రంగు వేసేవాళ్లం, దాని పక్కనే గ్యారెంటీ ముగిసే తేదీ. ఒక ఊరి గడి నాకిప్పటికీ గుర్తుంది. ఆ తేదీకి నాలుగు నెలల ముందే ఆ విమానానికి వేరే రూటు వెతకడం మొదలైంది, వెతికింది నేనే. అదే వారం ఆ ఊళ్లో టెర్మినల్ విస్తరణకు శంకుస్థాపన చేశారని పేపర్లో చదివాను. వాళ్లకు ఫోన్ చేసి చెప్పే అధికారం నాకు లేదు, చెప్పలేదు. ఇప్పుడు ఊళ్ల తరఫున కూర్చున్నప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న అందుకే ఇది: గ్యారెంటీ ముగిసిన మర్నాడు ఈ రూట్లో ఉండటానికి మీకు ఎంతమంది ప్రయాణికులు కావాలి, ఆ అంకె ఒప్పందంలో రాస్తారా?

రాస్తే మంచిది. ఆ అంకె చేరితే ఇంకో ఏడాది సాయం లేకుండా నడపాలని కూడా రాయించుకోండి. సాయం కూడా ఒక్కసారిగా ఆగకుండా మెల్లగా తగ్గాలి, మొదటి ఆరు నెలలు పూర్తిగా, తర్వాత ముప్పావు, సగం, పావు. అప్పుడు చివరి ఆరు నెలల్లో ఎయిర్‌లైన్స్ సొంత డబ్బు కూడా అందులో ఉంటుంది, సీట్లు అమ్మడానికి వాళ్లూ కష్టపడతారు. నూటికి నూరు నష్టం ఊరే భరిస్తుంటే సేల్స్ వాళ్లకు ఆ రూటు గుర్తుకూడా ఉండదు.

ప్రశ్న: డబ్బు కడితే కచ్చితంగా నడుపుతారు కదా?

జవాబు: డబ్బొక్కటే ఉంటే విమానం ఎగరదు, పైలట్ కావాలి. అమెరికాలో 2009లో ఒక చిన్న విమానం కూలిన తర్వాత నిబంధనలు బిగించి, 2013 నుంచి కో-పైలట్‌కు కూడా మామూలుగా 1,500 గంటల అనుభవం ఉండాలన్నారు, అంతకుముందు 250 చాలేది. కరోనా తర్వాత పెద్ద కంపెనీలు చిన్న కంపెనీల పైలట్లను తీసేసుకున్నాయి. 2022 మార్చిలో స్కైవెస్ట్ అనే సంస్థ, ప్రభుత్వ సబ్సిడీ వస్తున్నా సరే, పైలట్లు లేక 29 ఊళ్ల నుంచి వెళ్లిపోతానని నోటీసు ఇచ్చింది. వేరే సంస్థ దొరికేదాకా నడపాల్సిందేనని ప్రభుత్వం ఆదేశించింది. మీ కౌన్సిల్‌కు అలాంటి అధికారం ఉండదు కాబట్టి, మీ దగ్గరకు వచ్చిన సంస్థకు ఎన్ని విమానాలున్నాయి, ఒకటి చెడిపోతే స్పేర్ ఉందా, పైలట్లు ఎంతమంది అని ముందే అడగండి. రెండు విమానాలున్న కంపెనీ ఐదు ఊళ్లకు మాటిస్తే అనుమానించాల్సిందే.

ప్రశ్న: మా రన్‌వే సరిపోతుందా? బోయింగ్ దిగుతుందా?

జవాబు: బోయింగ్ గొడవ వదిలేయండి. ఏటీఆర్ 72 లాంటి పంకాల విమానానికి మామూలు వాతావరణంలో 1,300, 1,400 మీటర్లు చాలు, ఎండ బాగా ఉన్నా, ఊరు ఎత్తులో ఉన్నా ఇంకొంచెం కావాలి. జెట్ కావాలంటే రన్‌వే ఒక్కటే కాదు, ఫైర్ సర్వీస్ స్థాయి కూడా పెరగాలి, అది విమానం పొడవుని బట్టి ఉంటుంది. ఏటీఆర్ 72 పొడవు 27 మీటర్ల చిల్లర, ఐదో కేటగిరీ. ఏ320 జెట్ పొడవు 37 మీటర్లు దాటుతుంది, ఆరో కేటగిరీ. ఫైరింజన్లు, మనుషులు, శిక్షణ, అన్నీ ఏడాది పొడవునా ఊరి ఖర్చే. ఈ ఖర్చు గ్యారెంటీ కాగితంలో కనిపించదు, విడిగా అడగాలి.

పెద్దది కట్టేస్తే వాళ్లే వస్తారనుకోవద్దు. స్పెయిన్‌లో సియుదాద్ రియాల్ ఎయిర్‌పోర్టు పెద్ద రన్‌వేతో, భారీ ఖర్చుతో కట్టి 2008 చివర్లో తెరిచారు, 2012లో మూసేశారు.

ప్రశ్న: ఎయిర్‌లైన్స్ వాళ్లు ఒప్పందం రహస్యంగా ఉంచాలంటున్నారు. వ్యాపార రహస్యాలట. ఒప్పుకోవచ్చా?

జవాబు: వాళ్ల టికెట్ల వ్యూహం రహస్యంగా ఉంచుకోనివ్వండి, న్యాయమే. ఊరు గరిష్ఠంగా ఎంత కడుతుంది, ఎన్నాళ్లు, ఏ షరతు మీద, ప్రతి మూడు నెలలకు ఎంత కట్టింది, ఈ నాలుగూ బయటకు రావాలి. రహస్యంగా చేసినవి కోర్టులకెక్కితే ఎంతకాలం పడుతుందో బెల్జియంలో షార్లెరోయ్ ఎయిర్‌పోర్టు చూపించింది: ర్యాన్‌ఎయిర్‌తో 2001 నాటి ఒప్పందం, 2004లో యూరోపియన్ కమిషన్ కొంత సాయం అక్రమమంది, 2008లో కోర్టు ఆ నిర్ణయం కొట్టేసింది, చివరి నిర్ణయం వచ్చేసరికి 2014. యూరప్‌లో ఇప్పుడు నియమం స్పష్టంగా ఉంది, చిన్న ఎయిర్‌పోర్టు నుంచి కొత్త రూటుకు ఇచ్చే ప్రారంభ సాయం మూడేళ్లు మించకూడదు, అది కూడా ఎయిర్‌పోర్టు ఛార్జీల్లో సగం వరకే. మీ దగ్గర అలాంటి నియమం లేకపోతే మీరే ఒక తీర్మానంగా పెట్టుకోండి. ఇదే సాయం రేపు ఇంకో ఎయిర్‌లైన్స్ వస్తే వాళ్లకూ ఇదే షరతు మీద ఇస్తామని కూడా అందులో ఉంటే, ఎవరో ఒకరికి దోచిపెట్టారన్న మాట రాదు.

ప్రశ్న: నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు, ఎక్కుతానన్న ఆశ కూడా లేదు. నేను కట్టే ఇంటి పన్నులోంచి విమానం ఎక్కేవాళ్లకు సాయం ఎందుకు చేయాలి? మా వీధి డ్రైనేజీ రెండేళ్లుగా అడుగుతున్నాం.

జవాబు: అన్నా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు అడిగినదానికి తప్పించుకునే జవాబు ఇవ్వను.

విమానం వల్ల ఎక్కనివాళ్లకు కూడా కొంత మేలు ఉంటుంది, అది అబద్ధం కాదు. డాక్టర్లు, ప్రొఫెసర్లు ఉద్యోగానికి ఆ ఊరికి రావాలా వద్దా అన్నప్పుడు ఇది కూడా చూస్తారు. కంపెనీ శాఖ పెట్టేముందు హెడ్డాఫీసు నుంచి ఒక్క రోజులో వచ్చి పోవడం కుదురుతుందా అని అడుగుతారు. కానీ ఆ మేలు మీ ఊరికి ఎంత అన్నది ఎవరో ఒకరు లెక్క కట్టి మీ ముందు పెట్టాలి, పెట్టకుండా మీ డ్రైనేజీ డబ్బు తీసుకోవడం తప్పు. ఒక్క రూటు పెడితే ఇన్ని వేల ఉద్యోగాలు వస్తాయని చెప్పే నివేదికలు నేను చాలా చూశాను. అందులో ఎక్కువ భాగం ఎయిర్‌లైన్స్ కోసమో, టెర్మినల్ కట్టే కాంట్రాక్టర్ కోసమో రాయించినవే. ఊరు సొంతంగా రాయించినవి తక్కువ.

నా ఉద్దేశం చెప్పమంటే, ఈ డబ్బులో ముఖ్య వాటా విమానం వల్ల నేరుగా లాభపడేవాళ్ల నుంచే రావాలి. హోటళ్లు, పెద్ద ఆసుపత్రులు, కాలేజీలు, ఫ్యాక్టరీలు. అమెరికాలో ఎయిర్‌పోర్టు ఆదాయాన్ని నేరుగా ఎయిర్‌లైన్స్ చేతిలో పెట్టడానికి వీల్లేదు, కొత్త సర్వీసుకు ఛార్జీలు కొంతకాలం మాఫీ చేయొచ్చు, ప్రచారానికి సాయం చేయొచ్చు, అంతే. అందుకే అక్కడ చాలాచోట్ల గ్యారెంటీ డబ్బు వ్యాపారులే పోగుచేస్తారు. వాళ్లు సగం కూడా పెట్టడానికి ముందుకు రాకపోతే ఆ విమానం వాళ్లకే అంత అవసరం లేదని అర్థం. అప్పుడు మీరు వద్దనే ఓటేయండి, మీ కౌన్సిలర్‌కీ అదే చెప్పండి.

ఇంకో సంగతి. అన్ని వేళల్లో నడిచే మంచి బస్సు, పెద్ద ఎయిర్‌పోర్టు టెర్మినల్ తలుపు దాకా, విమానాల టైమింగ్స్‌కి సరిపోయేలా వేస్తే చాలా చిన్న నగరాలకు అవసరం చాలావరకు తీరిపోతుంది. అలాంటి బస్సు గ్యారెంటీ డబ్బులో చిన్న భాగంతో నడుస్తుంది, ఎవరైనా ఎక్కొచ్చు, మీరు కూడా. దీనికి రిబ్బన్ కట్టింగూ, విమానం మీద నీళ్లు చిమ్మించే స్వాగతమూ ఉండవు కాబట్టి ఎవరూ అడగరు. మీరు అడగండి.

ప్రశ్న: మా దగ్గర ఓటింగు ఎప్పుడో అయిపోయింది, సర్వీసు మొదలై ఎనిమిది నెలలు. మొదట బాగానే ఉంది, ఇప్పుడు రోజూ ఇరవై, ఇరవై ఐదు మందే కనిపిస్తున్నారు. గ్యారెంటీ డబ్బు వేగంగా ఖర్చవుతోంది. ఎయిర్‌పోర్టులో పనిచేస్తాను కాబట్టి నాకు టెన్షన్‌గా ఉంది. ఇంకా చేయగలిగింది ఏమన్నా ఉందా?

జవాబు: ఉంది తమ్ముడూ, కానీ వెంటనే.

ముందు ఆలస్యాల రికార్డు తీయండి, మీరు లోపలే ఉన్నారు కాబట్టి మీకు సులువు. ఆరు నెలలు వరుసగా ఎన్ని రోజులు అరగంటకు మించి ఆలస్యమైంది, ఎన్నిసార్లు రద్దయింది. రోజుకు ఒకే సర్వీసున్న ఊళ్లో ఒక్కసారి రద్దయితే ఆ ప్రయాణికుడు మళ్లీ పక్క నగరం నుంచే ఎక్కుతాడు, ఇంకో పది మందికి చెబుతాడు కూడా. ప్రయాణికులు తగ్గిన నెల, రద్దులు పెరిగిన నెల ఒకటే అయితే లోపం మీ ఊరిది కాదు, ఆ కాగితం కౌన్సిల్ చేతిలో ఉంటే డబ్బు ఆపే హక్కు ఉందేమో వాళ్ల లాయర్ చూస్తాడు.

సర్వీసు సరిగ్గానే నడుస్తుంటే టైమింగ్స్ చూడండి. అవతల ఎయిర్‌పోర్టులో మీ విమానం దిగిన మూడు గంటల్లోపు ఎన్ని కనెక్షన్లున్నాయి? అరగంట ముందుకు జరిపితే ఎన్ని దొరుకుతాయి? ఇది ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలే పని. శనివారాలు ఖాళీగా వెళ్తుంటే ఆ ట్రిప్పు తీసేసి ఆదివారం సాయంత్రం, సోమవారం పొద్దున వేయమని అడగొచ్చు, వాళ్లకు అదే విమానం గంటలు, మీకు నిండే సీట్లు.

ఎయిర్‌లైన్స్ షెడ్యూళ్లు ఏడాదికి రెండుసార్లు మారతాయి, మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ చివరి ఆదివారం ఒకసారి. రద్దీ ఎయిర్‌పోర్టుల్లో స్లాట్ల కోసం, అంటే విమానం దిగడానికి, ఎగరడానికి ఇచ్చే సమయాల కోసం, దానికి ఐదారు నెలల ముందే అడుగుతారు. మార్చి మార్పులో మీ టైమింగ్ మారాలంటే ముందు ఏడాది సెప్టెంబర్‌లోనే మీ కౌన్సిల్ మనిషి, వర్తక సంఘం మనిషి ఇద్దరూ కలిసి ఎయిర్‌లైన్స్ ఆఫీసుకు వెళ్లాలి. చేతిలో రెండే కాగితాలు చాలు: ఆలస్యాల పట్టిక ఒకటి, కొత్త టైమింగ్‌తో దొరికే కనెక్షన్ల జాబితా ఒకటి. జాబితా తయారుచేయడం మీరు ఈ వారమే మొదలుపెట్టండి.